కరెంటు బిల్లు వెనక

కరెంటు బిల్లు వెనక
పెన్సిల్‌తో ఒక అర్ధచంద్రం గీశాను.
లోపల వెడల్పు ముప్పై ఆరు అంగుళాలు,
ఎత్తు పద్దెనిమిది,
వాకిలి పదకొండుంబావు.
"పిజ్జా కోసం గోరీ కడతావా?" అంది వసుమతి,
చాయ్ గ్లాసు తెచ్చి
సరిగ్గా ఆ వాకిలి మీదే పెట్టి.

యాప్రాల్‌లో మా ఇంటి వెనక జాగా అంటే
బట్టల తీగ, బోరు మోటారు, కరివేపాకు చెట్టు,
అవి మూడూ పోనీలే అని వదిలిన పన్నెండడుగులు.
గాలి పడమర నుంచి వస్తుంది.
మూడు సాయంత్రాలు అగరొత్తి పట్టుకుని నిలబడి
తేల్చుకున్నాను ఈ మాట.
అంటే పొగ తిన్నగా
గోడవతల ఫ్రాంక్లిన్ గారి కిటికీలోకి.
ఆయనకు ఉబ్బసం.
పొగగొట్టాన్ని ఇంకో నాలుగడుగులు పెంచాను,
చెరిపి, మళ్లీ గీసి.
కాగితం మీద పొగ
చెప్పినట్టు వింటుంది.

రాజవ్వ, మా అత్తగారు, ఒకటే అడిగింది:
"మక్క కంకులు పడ్తయా అండ్ల?"
పడతాయన్నాను.
"మరింకేం" అని టీవీ వైపు తిరిగింది.

హబీబ్ మేస్త్రి వచ్చాడు.
ముషీరాబాద్‌లో బేకరీ భట్టీలు కట్టి కట్టి
కనుబొమలు మళ్లీ మొలవని మనిషి.
నా బిల్లును దూరంగా పట్టుకుని చూసి
ముందు యూనిట్లు చదివాడు, "చానా వచ్చింది గదా" అని.
తర్వాత వెనక్కి తిప్పాడు.
"దర్వాజా ఎత్తు గుమ్మటంల సగం దాటాలె,
మూడొంతులల్ల రెండు దాటొద్దు.
పెద్దగుంటే వేడి ఉరుకుతది,
చిన్నగుంటే నిప్పుకు దమ్మాడది. గంతే."
నెలరోజులు నిద్ర చెడగొట్టుకుని చూసిన వీడియోలన్నీ
ఆ "గంతే"లో పట్టేశాయి.

పునాదికి గడ్డపార వేస్తే
అడుగు లోతున ఠంగుమంది.
ఇంకోచోట వేస్తే అక్కడా ఠంగు.
మేస్త్రి నవ్వాడు:
"ఈ ఊర్ల ఏడ తవ్వినా గుండే సాబ్.
పునాది పైసలు మిగిలినయ్ నీకు."

ఇటుకలు ఆయనే తెచ్చాడు ట్రాలీలో.
మూతపడ్డ బేకరీవి, రెండొందలు,
ఒక్కోదానికి ఒక్కో నల్లటి ముఖం.
"నల్లది లోపటికే పెట్టాలె.
నిప్పును చూసిన మొఖం అది,
ఎండకు తిప్పితే ఒర్వది."
నిజమో, నాకోసం అప్పటికప్పుడు అల్లిందో.
ఒకటి తీసి బొటనవేలితో రుద్దితే
మసి, మసి కింద కొంచెం
ఖారా బిస్కెట్ వాసన.

కట్టే పద్ధతి నాకు నిద్రలోనూ వచ్చు.
తడి ఇసుకను బోర్లించిన బానలా పోయాలి,
మీద పాత పేపర్లు అతికించాలి,
ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, ఆరనివ్వాలి.
ఆరాక వాకిట్లోంచి చెయ్యి పెట్టి
లోపలి ఇసుకంతా తోడెయ్యాలి, దోసిళ్లకొద్దీ.
అంత ఇసుక మోసేది
అక్కడ ఏమీ లేకుండా చేయడానికి.
ఆపై వారం రోజులు చిన్న చిన్న మంటలు,
చంటిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టు.
ఎనిమిదో రోజున తుమ్మకట్టె.

ఇసుక ఆదివారం వచ్చింది.
మంగళవారం తెల్లారేసరికి
వీధిలోని పసుపు కుక్క
ఆ కుప్పలో నాలుగు పిల్లల్ని పెట్టింది.

మేస్త్రి వచ్చి, చూసి,
తాపీ సంచీలోంచి తియ్యకుండానే బీడీ ముట్టించాడు.
"నెలన్నర ఆగుదాం. భట్టీ ఏడికి పోతది?"
వసుమతి పాలలో రొట్టె నానేసి తీసుకెళ్లింది,
గోరీ అన్న మనిషే.
ఫ్రాంక్లిన్ గారు గోడ మీంచి తొంగిచూసి
పిల్లల్ని లెక్కపెట్టి,
గొంతు తగ్గించి అడిగారు
అందులో కోడి నిలువుగా పడుతుందా అని.

కొత్త బిల్లు వచ్చింది. వెనక తెల్లగా ఉంది.
కోడి కోసం వాకిలి పావంగుళం పెంచాను,
అప్పటికీ మేస్త్రి లెక్క దాటలేదు.
ఇవాళ గమనించాను:
కుక్క తవ్వుకున్న గుంట
అచ్చం గుమ్మటమే, తలకిందులుగా.
వెడల్పెంతో చూద్దామని
టేపు పట్టుకుని వంగితే
గుర్రుమంది.